సరోజత్త చుక్క

ఆవడిలో మా ఇంటి స్టీలు కంచాల వరుస చివర, అంచు ఒకచోట నొక్కుకుపోయిన ఒక సత్తు కంచం ఉంటుంది. వేడి అన్నం వడ్డిస్తే దాన్నుంచి ఇప్పటికీ సాంబ్రాణి వాసన వస్తుందని నేనంటే మా అమ్మాయి నవ్వుతుంది. మొన్న సాయంత్రం అదే కంచంలో పెరుగన్నం తింటూ ఫోనులో ఒక బొమ్మ చూపించింది. నడుమ తెల్లగా మండే నక్షత్రం, చుట్టూ ఎర్రగా, చిరిగిన పాత చీరలా పరుచుకున్న వాయువు. ఇలాంటివి చాలా అరుదట. సూర్యుడికన్నా ఎన్నో రెట్లు బరువు, చెప్పలేనంత వేడి. ఆ వేడికి తన ఒంటి పొరలు తానే ఊడ్చి విసిరేసుకుంటూ తొందరగా అయిపోతుందట. చుట్టూ ఉన్న మబ్బంతా దాని ఒంట్లోంచి పోయినదేనట.

"ఈ జాతిది ఒకటి మన కంటిక్కూడా కనిపిస్తాదంటమ్మా. దక్షిణాన, అగస్త్య నక్షత్రానికి ఎడమపక్క, కొంచెం పైన," అంది.

నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ చుక్క నాకు తెలుసు.

నా చిన్నప్పుడు మా ఊరు పాండూరులో ఎండాకాలం పొద్దువాలితే వాకిట్లో నీళ్ళు చల్లేవాళ్ళు. ఆ తడిమట్టి వాసనలో రాగిసంగటి ముద్దలు, పచ్చిమామిడికాయ పచ్చడి, చింతగింజలాటలో కొట్లాటలు, వాటి మధ్య మా అవ్వ అదుపాజ్ఞలు. పశువుల కొట్టం కప్పు మీద గుమ్మడితీగ ఉండేది. పిందెను వేలెత్తి చూపితే కుళ్ళిపోతుందని అవ్వ నమ్మకం. ఎవరైనా పొరపాటున చూపిస్తే వెంటనే వేలు మడిచి కొరుక్కోవాలి. దక్షిణం దిక్కుకూ అదే నియమం, అది యముడి దిక్కు కాబట్టి.

ఆ కొట్టం పక్కనున్న చిన్న గదిలో సరోజత్త ఉండేది. మా నాయన చెల్లెలు. ఊపిరితిత్తుల జబ్బుతో పుట్టింటికి వచ్చింది. ఆమెకు వేరే చాప, వేరే చెంబు, ఈ సత్తు కంచం. తిన్నాక కడిగి కొట్టం అటక మీదే పెట్టుకునేది. పొద్దుగూకగానే ఆ గదికి అవ్వ సాంబ్రాణి పొగ వేసేది. నేను మొండిగోడకు ఇవతల, అత్త అవతల నులకమంచం మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఒకరోజు అత్త చేయి చాచి, వేలు నిలబెట్టి ఆ చుక్కను చూపించింది.

"అత్తా, ఏలు మడువు! పిందె కుళ్ళిపోతాది," అని అరిచాను.

"అది పిందె కాదే, కుళ్ళేదానికి. ఎట్ల మండతాందో చూడు. నా మాదిరే దానికీ జొరం," అని నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది.

మాత్రలు చాలాకాలం మింగాక జ్వరం దిగింది. ఇక అంటదు, ఇంట్లోకి తీసుకోండని తిరువళ్ళూరు డాక్టరు చెప్పినట్టు నాయన కబురు తెచ్చాడు. ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొచ్చింది. అవ్వ మాత్రం ఒప్పుకోలేదు. కూతురికి నయమైతే ఆడి నెలలో వచ్చే కృత్తిక పండగకు తిరుత్తణి కొండకు కావడి ఎత్తుతానని మొక్కుకుంది. మొక్కు తీరకుండా నయమైందనుకుంటే స్వామికి కోపమొస్తుందని భయం.

"కావడి ఎత్తినంక లోపలికి పిల్చుకుంటా. అంతదాకా సుమ్మా, ఊరికే ఉండు మే," అంది.

"సరే, నేను ఈడే ఉంటా. నా తట్టనన్నా లోపల పెట్టమ్మా." మా వైపు కంచాన్ని తట్ట అంటారు.

"కృత్తిక కానీ."

అత్త మళ్ళీ అడగలేదు. పసుపు చీర కొన్నారు, కావడి బద్దకు రంగు వేశారు. ఈలోగా ఆ చుక్క రోజురోజుకూ పడమటికి జారి కనబడకుండా పోయింది. కృత్తిక ఇంకా రాకముందే, ఒక తెల్లవారుజామున అత్త రక్తం కక్కుకుని పోయింది. మైల కదా, ఆ ఏడు కావడి లేదు.

సంక్రాంతి దాటాక, తై నెల చలిలో ఒక సాయంత్రం కొబ్బరిచెట్ల పైన అది మళ్ళీ కనిపించింది. నాకు ఒళ్ళు జలదరించింది, సంతోషమూ వేసింది. "అవ్వా, అత్త చుక్క వచ్చినాది!" అని వేలెత్తి చూపించాను. అవ్వ తిట్టలేదు. కొట్టం అటక మీది కంచాన్ని దించి, చింతపండుతో, బూడిదతో తోమి, ఇంట్లోకి తెచ్చుకుంది. ఆనాటి నుంచి చనిపోయేదాకా దాంట్లోనే తినింది. తినబోయే ముందు రోజూ వంటింటి తలుపు బార్లా తెరిచి, చీకట్లోకి చూస్తూ పిలిచేది.

"సరోజా, లోపలికి రా మే."

మేము ముద్ద నోట్లో పెట్టుకోకుండా గుమ్మం వైపు చూసేవాళ్ళం. ఆ భయం నాకింకా పోలేదు.

పాండూరులో ఇప్పుడు ఆ కొట్టం లేదు, అక్కడ మా అన్న కారు నిలుపుతాడు. మిద్దె మీద గుమ్మడితీగ పాకదు. మొన్న ఆవడిలో, బొమ్మ చూశాక అమ్మాయి కంచం చేతబట్టుకునే నాతో మేడెక్కింది. దక్షిణాన ఫ్యాక్టరీల వెలుగు, దుమ్ము.

"యాడమ్మా?"

వేలు చాచి చూపించాను, మడవలేదు. ఇద్దరికీ ఏమీ కనిపించలేదు. కిందికి దిగాక చూస్తే, అమ్మాయి కంచాన్ని పిట్టగోడ మీదే మరిచిపోయి వచ్చింది. పొద్దున తెద్దాంలే అంది.

నేను మళ్ళీ మెట్లెక్కాను. ఒక్క రాత్రి కూడా దాన్ని బయట ఉంచలేను.