మూడు సంఘాల ఉపవాసం, ఒక కాలివేలు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఇది నేను మీ ముందుంచుతున్న రెండవ సాక్ష్యం. మొదటిది అబద్ధం. పోయిన సంవత్సరం ఆరాధనలో లేచి నిలబడి, తిండి అనే బంధకం నుండి ప్రభువు నన్ను విడిపించాడని నేను చెప్పినప్పుడు మీరంతా స్తోత్రం అన్నారు, ఆ గడియలో నా బైబిలు జిప్పు కవరులో మురుకుల పొట్లం ఉంది. ఆ సంగతి దేవునికీ నా భార్య మరియమ్మకూ తెలుసు, ఇద్దరూ నన్ను ఏమీ అనలేదు.

నేను కోయంబత్తూరులో పంపులు చేసే వర్క్‌షాపులో లేతు నడుపుతాను. తమిళంలో చదువుకున్నవాడిని కనుక నేను చెబుతుంటే పాస్టరుగారి అమ్మాయి ఇది తెలుగులో వ్రాస్తోంది. నాకు షుగరు ఉంది. లేతు నుండి ఎగిరిన ఇనుపముక్క ఎడమకాలి బొటనవేలికి గుచ్చుకుని పుండైంది, మూడు నెలలైనా మానలేదు, ఇలాగే తింటూ ఉంటే వేలు తీసేయవలసి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. నాది రోజంతా నిలబడి చేసే పని, వేలు పోతే పని కూడా పోతుందని నాకు భయం.

అయినా నోరు ఆగలేదు. ఆకలి వేసి తిన్నవాడిని కాను సహోదరులారా, బస్సు బేకరీ ముందు ఆగితే చాలు, నా కాళ్లు వాటంతట అవే దిగిపోయేవి, తిన్న తరువాత సంతోషమూ ఉండేది కాదు, ఇంకొకటి కావాలని మాత్రం ఉండేది.

అందుకని ఉపవాసం పట్టాను. బుధవారం రైలు గేటు అవతలి సంఘంలో, శుక్రవారం మన సంఘంలో, శనివారం తమిళ సంఘంలో, ఆ మూడు దినాలూ రాత్రి షిఫ్టు అడిగి వేయించుకున్నాను. మన పద్ధతి మీకు తెలుసు, పగలంతా ఉపవాస ప్రార్థన, సాయంత్రం నాలుగింటికి ముగింపు, ఆపైన పులిహోర, తాలింపు శనగల సుండలు, పాయసం, అందులోనూ బాగా నీరసించినవారికి ముందు వడ్డిస్తారు. నాకంటే నీరసంగా మోకరించడం ఎవరికీ చేతకాదు కనుక మూడు సంఘాల్లోనూ మొదటి ఆకు నాదే. ఎనిమిదిన్నరకు పది ఇడ్లీలు తిని తొమ్మిదింటికి ఉపవాసం మొదలుపెట్టేవాడిని. ముగింపు ప్రార్థన నన్ను చేయమంటే, "ప్రభువా, నీకు అన్నీ తెలుసు, ఈ ఆహారాన్ని దీవించు, ఆమేన్" అని లేచేవాడిని, ఎంత వినయమని అందరూ మెచ్చుకునేవారు. నెల తిరిగేసరికి నాలుగు కిలోలు పెరిగాను.

చివరికి మరియమ్మ నన్ను పీలమేడులో ఉన్న ఆ డాక్టరమ్మ ఆసుపత్రికే లాక్కుపోయింది. నేను నోరు తెరిచేలోపే, "ఈయన వారానికి మూడు దినాలు ఉపవాసం ఉంటుండారు డాక్టరమ్మా, తొమ్మిది దినాల తిండి తింటుండారు" అంది.

డాక్టరమ్మ ఇంట్లోనూ తెలుగే, మెదడును మనలాగే మూళె అంటుంది. ఆమె నవ్వలేదు. "మీ ఆకలి కడుపులో లేదుంగయ్యా, మూళెలో ఉండాది. డోపమిన్ అని ఒక రసాయనం. తిన్నాక కాదు, వాసన తగిలినప్పుడే, తింటామని తెలిసినప్పుడే అది లేస్తాది, పో పో అని తోస్తాది. ఫోన్లో రమ్మీ ఆడి ఆపలేనోళ్లకీ ఇదే. పగలంతా కాసుకోని సాయంత్రం పాయసం తాగితే, కాసుకుంటే ఇంకా రుచి అని మీరే మూళెకి పాఠం చెప్తుండారు."

నాకు చెమట పట్టింది. మా వర్క్‌షాపులో రమ్మీ ఆడే సెల్వానికి రోజూ టీ వేళ పాపం గురించి బోధించేవాడిని నేనే, అదీ రెండు చేతుల్లో రెండు బోండాలు పట్టుకుని.

ఇది దురాత్మే, వెళ్లగొట్టండి అని పాస్టరుగారి కాళ్ల మీద పడ్డాను. ఆయన నన్ను కూర్చోబెట్టి ఇలా అన్నారు. "దయ్యమైతే తరుముదుము. ఇది దేవుడిచ్చిన మూళె, దీన్ని తరిమితే నీకి ఏముంటాది? ఇంక నీకి ఉపవాసం లేదు. శుక్రవారం పన్నెండింటికి అందరూ మోకాళ్ల మీద ఉండేటప్పుడు నువ్వు మూలన కూసోని మరియమ్మ ఇచ్చిన డబ్బా తిను. నాలుగింటికి ఆకు ముందర కూసోవద్దు."

ఆ శుక్రవారం యాభైమంది ఆకలితో ప్రార్థిస్తుండగా నేను మూత తీశాను, ఆ చప్పుడు గుడి అంతా వినబడింది. లోపల పిడికెడు రాగి సంగటి, ఆకుకూర. సిగ్గుతో తల వంచుకుని, "ప్రభువా, నాకు ఆకలి లేదు, తినాలని మాత్రం ఉంది, ఆపుకోవడం నాకు చేతకాదు, పోయిన సంవత్సరం చెప్పింది అబద్ధం" అన్నాను. చివర పాయసం లేని ప్రార్థన నేను చేయడం అదే మొదటిసారి. ఏడ్చాను సహోదరులారా, ఆకుకూరకు ఉప్పు సరిపోయింది.

అప్పటినుండి కోరిక లేచినప్పుడల్లా ఆ మాటలే ప్రార్థిస్తూ నడుస్తాను, పావుగంటలో అది దిగుతుంది, దిగనినాడు మరియమ్మను పిలుస్తాను. డాక్టరమ్మ ఇచ్చిన షుగరు మాత్రలు మానలేదు. నాలుగు నెలలకు పుండు మానింది. డాక్టరమ్మ కట్టు విప్పితే మరియమ్మ నా వేళ్లను ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి, "అయిదూ ఉండాయి" అని అక్కడే కూలబడి ఏడ్చింది. దేవునికే మహిమ.

కోరిక పోయిందని ఈసారి చెప్పను, ఈ ఉదయం కూడా వచ్చింది. కానీ నేను డబ్బాతో మూలన కూర్చున్న మూడవ శుక్రవారం ఒక సంగతి జరిగింది. ఇరవై ఏళ్లుగా ఉపవాసం తప్పని మన సంఘ పెద్ద జేమ్సయ్యగారు మోకాళ్ల మీది నుండి లేచి, నా పక్కన కూర్చుని, సంచిలోంచి డబ్బా తీశారు. "నాకి గూడా షుగరుండాదిరా, ఎవురికీ చెప్పలేదు" అన్నారు. ఇప్పుడు ఆ మూలన అయిదుగురం ఉన్నాం. ఆపుకోలేనిది ఏదైనా మీలో ఉంటే, అది తిండి అయినా ఫోను అయినా, ప్రభువు దగ్గరికి ఉన్నదున్నట్టుగా రండి, ఆయన కోప్పడడు. గొప్ప సాక్ష్యం తేనక్కరలేదు, శుక్రవారం డబ్బా తెచ్చుకోండి, మేము కాస్త జరిగి కూర్చుంటాం.