పది గుంజల బండి

ఆ పాత డాడ్జి పికప్పును వేలంలో చూడటానికి వచ్చినవాళ్ళంతా బానెట్ ఎత్తి ఇంజను చూశారు. మత్తయి మాత్రం చేతికర్రతో బండి ఒళ్ళంతా తట్టుకుంటూ తిరిగాడు. తట్టడం, చెవి ఒగ్గడం, ఒక అడుగు జరగడం, మళ్ళీ తట్టడం. క్యాబిన్ కప్పు ఖంగుమంది. ఎడమ తలుపు మాత్రం డొల్లగా పలికింది. అక్కడ రంగు కింద లప్పం, లప్పం కింద తుప్పు ఉన్నాయన్నమాట.

"ఏందే మత్తయన్నా, బర్రె పండ్లు సూసినట్టు సూస్తున్నవ్?" అన్నాడు వెంట వచ్చిన ఎల్లేశం.

"ఎముకలు మంచిగున్నయిరా. తోలే పాడైంది."

మత్తయి టింబర్‌మన్. బెల్లంపల్లిలో తండ్రి యేసుదానం దగ్గర పని నేర్చుకుని, గోదావరిఖనిలో గనులు తెరిచినప్పుడు ఇటు వచ్చాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్ర గుంజలు నిలబెట్టడం అతని పని. గుంజ పెట్టేముందు కప్పును కర్రతో తట్టి వినాలి. గట్టిగా పలికితే సరే, డొల్లగా పలికితే వెనక్కి జరగాలి.

అతను ఉండే మిట్ట మీద ఇరవై రెండు గుడిసెలున్నాయి, ఒక్క నల్లా లేదు. నీళ్ళు కావాలంటే కింద రోడ్డు పక్కనున్న కంపెనీ నల్లాకు దిగి, బిందె నెత్తిన పెట్టుకుని ఎక్కాలి. పోయిన ఎండాకాలం అతని భార్య మార్తమ్మ ఆ ఎక్కుడులో జారిపడింది. కుడి మోచెయ్యి విరిగింది. దవాఖానలో కట్టు కట్టారు, ఎముక అతుక్కుంది, కానీ ఆ చెయ్యి మళ్ళీ భుజం దాటి లేవలేదు. దీపావళి దాటాక కంపెనీ పాత బండ్లు వేలం వేస్తోందని తెలిసినప్పుడు మత్తయి ఎల్లేశాన్ని వెంటబెట్టుకుని వెళ్ళి ఆ డాడ్జిని కొన్నాడు. మళ్ళీ ఎండలు ముదిరేలోగా నాలుగు డ్రమ్ముల నీళ్ళు బండి మీద మిట్ట ఎక్కాలి. అంతే అతని ఆలోచన.

ఎల్లేశం లారీ డ్రైవరు. ప్రతి ఆదివారం, మత్తయి వాళ్ళు చర్చి నుంచి వచ్చేసరికే అతను వచ్చి బండి కింద దూరి ఉండేవాడు. సీటు విప్పితే ఎలుకల సంసారం బయటపడింది. బిగుసుకుపోయిన పిస్టన్ల మీద నూనె పోసి పది రోజులు వదిలేశారు. కార్బురేటర్ కిరోసిన్‌లో నానింది. కుళ్ళిన తలుపు అడుగు కోసి, డ్రమ్ము రేకు తెచ్చి రివిట్లు కొట్టారు. మార్తమ్మ ఎడమ చేత్తో ఇటుక ముక్క పట్టుకుని తుప్పు గీకింది. చర్చి కిటికీలకు వేయగా మిగిలిన నీలం రంగు క్యాబిన్‌కు సరిగ్గా సరిపోయింది.

వెనక తొట్టి మాత్రం పూర్తిగా పోయింది. అది కర్రతో తానే కడతానన్నాడు మత్తయి. నల్లమద్ది కర్ర తెచ్చి, అటు ఐదు ఇటు ఐదు గుంజలు నిలబెట్టి, వాటి మీద అడ్డంగా ఐదు దూలాలు వేసి, నీళ్ళకు ఎండ తగలకుండా పైన పలకలు పరిచాడు. గనిలో లాగే ప్రతి గుంజకూ చెక్క చీలికలు కొట్టి బిగించాడు. ఏనుగు ఒరుసుకున్నా కదలదు.

మార్చి నెలలో బండి నాలుగు డ్రమ్ములతో మిట్ట ఎక్కడం మొదలుపెట్టింది. సగం దూరం వెళ్ళి, రొప్పి, ఆగిపోయింది. చక్రాల వెనక రాళ్ళు పెట్టారు. బిందెలతో ఎక్కుతున్న ఆడవాళ్ళు పక్కనుంచే దాటిపోయారు.

"గా బండికి కూడ ఇంత నీళ్ళు తాపు కొడుకా, అలిసినట్టున్నది," అంది లస్మవ్వ. ఆమెకు డెబ్బై ఏళ్ళుంటాయి.

ఎల్లేశం దిగి తొట్టి చుట్టూ తిరిగాడు. "ఇంజను తప్పు లేదన్నా. ఇది బండి కాదు, నాలుగు చక్రాల గని. నాలుగు మూలల నాలుగు గుంజలు సాలు. నడిమి ఆరూ తీసెయ్."

"రెండు డ్రమ్ములు దింపు," అన్నాడు మత్తయి.

రెండు డ్రమ్ములతో బండి ఎక్కింది. ఆ నీళ్ళు పదకొండు గుడిసెలకే సరిపోయాయి. మిగతావాళ్ళు ఎప్పటిలాగే బిందెలు తీశారు. తమ వంతు నీళ్ళు ఇరుగుపొరుగుకు ఇచ్చేసి, మార్తమ్మ కూడా బిందె చంకన పెట్టుకుంది.

"నేను తెస్త ఆగు," అన్నాడు మత్తయి.

"నువ్వు డ్యూటీకి పోతే ఎవలు తెస్తరు? నీ గుంజలు తెస్తయా?" అంది. కోపంగా అనలేదు. దిగుతూ అంది.

ఆ మధ్యాహ్నమంతా మత్తయి తొట్టిలో కూర్చున్నాడు. నాలుగు గుంజలు చాలని అతనికి తెలుసు, తెలిసే పది పెట్టాడు. గనిలో కూడా ఆరేళ్ళుగా, నాలుగు చాలిన చోట ఆరు పెడుతున్నాడు.

ఆరేళ్ళ కిందట అతను గుంజలు తీసే పనిలో ఉండేవాడు. బొగ్గు అయిపోయిన చోట గుంజలు ఒక్కొక్కటే తీసుకుంటూ వెనక్కి రావాలి. ఇద్దరి పని అది. ఒకడు కప్పు తట్టి చెప్తాడు, ఒకడు తీస్తాడు. తీసేవాడు నర్సింగం, ఎల్లేశానికి సొంత అన్న. "మంచిగున్నది, తియ్," అని చెప్పింది మత్తయి. కప్పు మంచిగానే పలికింది. నర్సింగం తీశాడు. కప్పు ఆగలేదు, అతని మీద కూలింది.

విచారణలో మత్తయి తప్పేమీ లేదన్నారు. అతను మాత్రం ఆ పని వదులుకుని, గుంజలు పెట్టే పనికే మారాడు. అప్పటినుంచి గనిలో కప్పును కర్రతో తట్టేవాడే గాని, ఏం వినబడిందో పైకి చెప్పేవాడు కాదు. గుంజ తియ్యమని మళ్ళీ ఎవరితోనూ అనలేదు. ఎల్లేశంతో కలిసి ఇన్ని ఆదివారాలు పనిచేశాడు. నర్సింగం పేరు ఇద్దరూ ఎత్తలేదు.

మరుసటి ఆదివారం ఎల్లేశం సుత్తి పట్టుకుని తొట్టిలోకి ఎక్కాడు. పలకల కప్పు కింద, నడిమి గుంజ పక్కన నిలబడ్డాడు.

"దిగురా," అన్నాడు మత్తయి.

"తియ్యంది దిగ."

"నేను తీస్త. నువ్వు దిగు."

"తట్టేటోడు ఒకడు, తీసేటోడు ఒకడు గదనే? మా అన్న గట్లనే చెప్పేటోడు." ఎల్లేశం గొంతు మామూలుగానే ఉంది. "నీ చెవి మీద మా అన్నకు నమ్మకముండె. నాకూ ఉన్నది. తట్టి చెప్పు."

మత్తయి వాకిట్లో ఉన్నవాళ్ళందరినీ వెనక్కి జరగమన్నాడు. లస్మవ్వ నవ్వబోయి, అతని మొహం చూసి ఊరుకుంది. ఇంటి వాకిట్లో, పట్టపగలు, నీలం బండి ముందు అందరూ గోడకు ఆనుకుని నిలబడ్డారు.

అతను పలకలను ఒక్కొక్కటే తట్టాడు. చివరి దూలాలకు కొట్టిన మేకులు చూశాడు. మళ్ళీ మొదటినుంచి తట్టాడు.

"మంచిగున్నది," అన్నాడు. "తియ్."

సుత్తి దెబ్బకు చీలిక ఊడింది. గుంజ వాలింది. పలకలు కిర్రుమని సర్దుకున్నాయి, నిలిచాయి. ఎల్లేశం తల మీద కాస్త రంపపు పొట్టు రాలింది, అంతే.

"ఇంకోటి సూడు," అన్నాడు ఎల్లేశం తల దులుపుకుంటూ.

ఆరుసార్లు తట్టాడు. ఆరుసార్లూ చెప్పాడు. ఆరు గుంజలు, నడిమి మూడు దూలాలు వాకిట్లో కుప్పగా పడ్డాయి.

ఆ సాయంత్రం బండి నాలుగు డ్రమ్ములతో మిట్ట మొదలు దగ్గర నిలిచింది. ఎల్లేశం స్టీరింగు పట్టుకున్నాడు. మత్తయి చక్రం కింద పెట్టడానికి రాయి పట్టుకుని వెనకే నడిచాడు. మొన్న ఆగిన చోట బండి రొప్పింది, గేరు మారింది, నల్లపొగ వదిలింది, ఎక్కింది. అతను పైకి చేరేసరికి డ్రమ్ముల చుట్టూ బిందెలు చేరాయి.

లస్మవ్వ ఒక చెంబుడు తాగి మొహం చిట్లించింది. "డ్రమ్ము వాసనొస్తున్నయి కొడుకా."

"రెండు రోజులైతే పోతదవ్వా," అన్నాడు ఎల్లేశం.

మార్తమ్మ ఆఖరున బిందె తెచ్చింది. ఎడమ చేత్తో పట్టుకుంటే ఎల్లేశం నింపాడు. ఇంటికి నడుస్తుండగా, ఆమె పక్కన వస్తున్న మత్తయి చేతిలో ఆ రాయి ఇంకా అలాగే ఉంది.

"అది ఇంక పారెయ్యవయ్యా," అంది మార్తమ్మ.

అతను దాన్ని దారి పక్కన, జాగ్రత్తగా, అవసరమైతే దొరికేచోట పెట్టాడు.