రిబ్కా అరికాలి బలం

రిబ్కా రేపల్లె బస్సుల్లో పదిహేడేళ్లుగా కండక్టరు. తెనాలికి వెళ్లడం, తిరిగి రావడం, రోజంతా అదే పని. గుంతల్లో బస్సు ఎంత ఊగినా కడ్డీ పట్టుకోకుండా టికెట్లు కొట్టేది.

నలభై నాలుగో ఏట ఆమెకు అరికాళ్ల నొప్పి మొదలైంది. ఆమెవి మొదటినుంచీ చదును పాదాలు. తడికాళ్లతో గచ్చు మీద నడిస్తే మధ్యలో ఖాళీ లేకుండా పాదమంతా అచ్చు పడేది. సాయంత్రమయ్యేసరికి మడమ నుంచి బొటనవేలి దాకా మంట. కూర్చుని చేసే డ్యూటీకి అర్జీ పెట్టుకోమని తోటివాళ్లు చెప్పినా ఆమె వినలేదు.

తెనాలిలో చెప్పులు కుట్టే రహమతుల్లా ఆమె పాదాల కొలత తీసుకుని, బూట్ల లోపల అరికాలి వంపు కింద ఎత్తుగా ఉండే తోలు మెత్తలు చేసిచ్చాడు. వారం తిరక్కుండానే నొప్పి సగానికి తగ్గింది. ఇక ఇంట్లో కూడా అలాంటి మెత్తలున్న చెప్పులే. రెండేళ్లు హాయిగా గడిచాయి.

తర్వాత ఒక ఆదివారం చర్చిలో చెప్పులు విడిచి గంటసేపు పాట పాడింది. బయటికి వచ్చేసరికి పాదాలు వణుకుతున్నాయి. మెట్లు దిగడానికి పక్కనున్నావిడ భుజం పట్టుకోవాల్సి వచ్చింది. సిగ్గుతో పాటు కోపమూ వచ్చిందామెకు.

బాపట్లలో ఫిజియోథెరపిస్టు స్నేహ ఆమెను ఒంటికాలి మీద నిలబెట్టి చూసింది.

"మెత్తలు పెట్టుకోవడం తప్పు కాదండీ. నొప్పి తగ్గించాయిగా! కాకపోతే పాదం లోపలి చిన్న కండరాలు చేయాల్సిన పని కొంత అవే చేసేస్తున్నట్టున్నాయి. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పలేం. మీ కండరాలు మాత్రం బలహీనపడ్డాయి."

"మరి తీసి పారేయమంటారా?"

"వద్దండీ. డ్యూటీలో ఉంచుకోండి. ఇంట్లో మాత్రం పాదాలతో పని చేయించండి."

స్నేహ ఒక వ్యాయామం నేర్పింది. వేళ్లు ముడవకుండా పాదం ముందు భాగాన్ని మడమవైపు లాగి, వంపు పైకి లేపి ఐదు అంకెలు లెక్కపెట్టాలి. మొదటిరోజు రిబ్కా పాదం కదల్లేదు, వేళ్లే ముడుచుకున్నాయి. మూడోవారానికి వంపు కొద్దిగా లేచింది. ఆ సంతోషంలో కూతురు శ్రీజను పిలిచి చూపించింది. టీ మరిగేదాకా ఒంటికాలి మీద నిలబడడం కూడా అలవాటు చేసుకుంది.

నాలుగు నెలలయ్యాక మళ్లీ తెనాలి వెళ్లింది.

"బాబాయ్, ఈ మెత్తల ఎత్తు సగం తగ్గించు."

రహమతుల్లా చిన్నబుచ్చుకున్నాడు. "నా పని నచ్చలేదామ్మా?"

"నువ్వు నిలబెట్టబట్టే కదా, ఇప్పుడు సొంతంగా నిలబడతానంటున్నా!"

ఆయన నవ్వి, మెత్తను రాయి మీద అరగదీయడం మొదలుపెట్టాడు. ఆమె వ్యాయామం సంగతి చెబితే, పాదం ఎలా లాగాలో తనకూ చూపించమన్నాడు. కొట్టు ముందే ఆమె చెప్పు విప్పి చేసి చూపించింది.

ఈ ఫిబ్రవరిలో శ్రీజతో కలిసి సూర్యలంక సముద్రతీరానికి వెళ్లింది. తడి ఇసుకలో ఇద్దరూ ఉత్తకాళ్లతో చాలా దూరం నడిచారు. "కూర్చుందామా అమ్మా?" అని ముందు అడిగింది శ్రీజే.

"నువ్వు కూర్చో. నేను ఆ పడవ దాకా వెళ్లొస్తా," అంది రిబ్కా.