లాకు తలుపూ, మా సుజాత వెలుగూ

ఈ రోజు మా మనవరాలు సుజాత కొత్తపేటలో, తను చదివిన హైస్కూల్లోనే తన పరిశోధన గురించి పిల్లలకి చెప్పింది. వెలుగుతో వెలుగును అదుపు చేయడమే ఆ పరిశోధన. కర్బన రసాయనపు రంగు పూసిన గాజుపలక గుండా ఎర్ర లేజరు గోడ మీద చుక్కలా పడుతోంది. పలక మీద ఊదా లైటు వేయగానే ఆ ఎర్రచుక్క మాయమైంది.

"వెలుగుకి వెలుగెలా అడ్డమొస్తుందండీ? గారడీలా ఉందండీ!" అందో పిల్ల. అందరూ నవ్వారు. సుజాత మొహం చిన్నబోయింది.

నలుగురిలో నాకు నోరు పెగలదు. అయినా లేచాను.

"నేను కాలవ మీద పడవల్ని దాటించే లాకుల దగ్గర పనిచేసేనమ్మా. పెద్ద తలుపుని నీళ్ళే నొక్కిపెట్టేవి, పదిమంది తోసినా కదిలేది కాదు. చిన్న తూములోంచి నీళ్ళొదిలి రెండు పక్కలా సమం చేస్తే ఒక్కణ్ణే తెరిచేసేవోణ్ణి. నీళ్ళని నీళ్ళతోనే లొంగదీసేమా, లేదా?"

"ఆయ్, లొంగదీసేరండి!" అందా పిల్ల.

"ఇక్కడ ఊదా వెలుగు రంగులోని అణువుల ఆకారం మారుస్తుంది. మారిన అణువులు ఎర్ర వెలుగుని మింగేస్తాయి" అంటూ సుజాత అందుకుంది. ఈసారి గాజుపలక మేం పట్టుకుంటామంటే మేమని పిల్లలు ఎగబడ్డారు.

బయటికొచ్చాక, "మా ప్రొఫెసరుగారికీ లాకుల సంగతే చెప్తాను తాతయ్యా" అంది.

ఐదో తరగతితో ఆగినవాణ్ణి. ఇంటికొచ్చి ముగ్గురికి ఫోన్ చేసి చెప్పేశాను. ఇంకెవరైనా వింటానంటే చెప్పండి.