రేడియో తప్పు చెప్పిన మధ్యాహ్నం

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. ఉన్న నమ్మకమంతా రేడియో మీద పెట్టుకున్న తెలివితక్కువవాణ్ణి. ఎవరే పనిలో ఉన్నా దానికి తగిన కార్యక్రమం ఒకటి చెప్పందే కదిలేవాణ్ణి కాను. గెడ్డం గీసుకుంటూ వినడానికి వ్యవసాయం ముచ్చట్లు, కూరలు తరగడానికి స్త్రీల కార్యక్రమం, ఇస్త్రీకి నాటకం. నా మాట విని పక్కింటాయన చొక్కా కాల్చుకున్నాడు. నాటకం మాత్రం బాగుందన్నాడు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నేను బాపట్లలో బడిపంతుల్ని. అక్కా బావా రేపల్లెలో ఉండేవాళ్లు. ఆ ఏడు అక్కకి పక్షవాతం వచ్చింది. చెయ్యి తేరుకుంది గానీ మాట పడిపోయింది.

ప్రయత్నిస్తే మాట వస్తుందనీ, ఊరుకుంటే ఇక రాకపోవచ్చనీ తెనాలి డాక్టరుగారు చెప్పారు. అక్క ప్రయత్నించలేదు. ముద్దముద్దగా వచ్చే మాట తనకే నచ్చక నోరు కట్టేసుకుంది. పెళ్లివంటల దగ్గర నిలబడి అందర్నీ గడగడలాడించిన మనిషి, మంచినీళ్లకి కూడా సైగ చేసేది.

నాకు తెలిసిన వైద్యం ఒకటే. రేడియోలో వచ్చే మంచి కార్యక్రమాలు క్యాసెట్లలోకి ఎక్కించి, ఆదివారాలు చెరుకుపల్లి మీదుగా బస్సులో తీసుకెళ్లేవాణ్ణి. పప్పులో రాళ్లు ఏరుకుంటూ వినమనేవాణ్ణి.

బావ నవ్వేవాడు. "మాట పోయిన మనిషికి మాటలు వినిపిస్తే ఏం వస్తుందయ్యా బామ్మర్దీ? కరెంటు బిల్లు వస్తుంది."

మాట పడిపోయింది అక్కకి, మాటలు పడింది నేను.

రేడియో వేళల్ని బట్టి వంట చేసే ఇల్లు కావడంతో ఇంకో చిక్కు వచ్చింది. క్యాసెట్లో పొద్దుటి వార్తలు వినపడగానే, అక్క అన్నం తిన్న కాసేపటికే మళ్లీ బియ్యం కడిగేసింది. దానికీ మాటలు పడ్డది నేనే.

ఒక ఆదివారం మధ్యాహ్నం వసారాలో అక్క గోరుచిక్కుడు కాయలు తుంచుతోంది. నేను పక్కనే ఉన్నాను. బావ ముందుగదిలో పేపరు చదువుకుంటున్నాడు. టేపులో ఎవరో పెద్దావిడ నిమ్మకాయ పప్పు ఎలా చెయ్యాలో చెబుతోంది. ఆ క్యాసెట్ ఎక్కించింది నేనే. ఎక్కిస్తూ మొత్తం విన్నాను కూడా.

"పప్పు తెర్లుతుండగా నిమ్మరసం పిండి, ఇంకాసేపు ఉడకనివ్వండి," అందావిడ.

పొయ్యి మీదుండగా పిండితే చేదెక్కుతుందని మా వైపు కొత్త కోడళ్లకి కూడా తెలుసు. అక్క చేతిలో కాయ ఆగిపోయింది. మొహం ఎర్రబడింది. పెదాలు రెండు మూడుసార్లు కదిలాయి.

"ది... దించాక," అంది.

టేపులో ఆవిడ ఆగింది.

"అవునమ్మా, దించాకే. లేకపోతే చేదెక్కిపోదూ," అని, ఏమీ జరగనట్టు పోపు సంగతిలోకి వెళ్లిపోయింది.

బావ పేపరుతో సహా గుమ్మంలోకి వచ్చాడు. అక్క మాటా, దానికి వచ్చిన జవాబూ ఆయన కూడా విన్నాడు.

వెనక్కి తిప్పి వేశాం. ఆవిడ మొదటినుంచీ "దించి, కాస్త చల్లారాక పిండండి" అనే అంటోంది. తప్పు లేదు, ఆగడం లేదు, జవాబూ లేదు. తర్వాత తెనాలిలో టేపులు బాగుచేసే అతనికి చూపిస్తే ఎక్కడా అతుకు లేదన్నాడు. ముగ్గురి చెవులూ ఒకేసారి మోసం చేశాయని సరిపెట్టుకుందామంటే, అక్క మరి ఎవరి తప్పు దిద్దినట్టు? ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ టేపు మళ్లీ ఎన్నడూ జవాబు చెప్పలేదు. అక్క మాత్రం దాన్ని వదల్లేదు. వంటలు చెప్పేవాళ్లని దిద్దింది, పురుగుమందులు చెప్పేవాళ్లతో వాదించింది. మాట కొంచెం కొంచెంగా కుదురుకుంది. కుదురుకున్నాక అందులో ఎక్కువ భాగం బావ వైపే తిరిగింది. ఇంక క్యాసెట్లు తేవద్దని బావ బతిమాలాడు.

ఆఖరుగా ఒకటి తెచ్చాను, ఖాళీది. బావ కొట్టుకెళ్లినప్పుడు అక్క ఎదురుగా పెట్టి, ఆయన గురించి చెప్పదలుచుకున్నదంతా చెప్పమన్నాను. ఒక వైపు చాల్లేదు, రెండో వైపూ నిండింది. చెవుల్లో పెట్టుకుని వినే చిన్న టేపు కూడా కొని, "పొద్దున నడకకి మంచి కార్యక్రమం బావా," అని చేతిలో పెట్టాను.

మర్నాడు నడక నుంచి ఆలస్యంగా వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆపే మీట ఉందిగా బావా," అన్నాను.

"ఉందయ్యా," అన్నాడు. "రెండో వైపు ఎలా తిప్పాలో చెప్పు."