నా పేరు మీద వెళ్లిన జవాబు

నల్గొండలో మేం చదివిన ఆడపిల్లల బడి వాళ్లం ఇరవై రెండు మందిమి, అందరం అరవై దాటినవాళ్లమే. తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు చౌటుప్పల్‌లో ఉండే ఒకామె పట్టుబట్టి అందరినీ వెతికి ఫోన్‌లో గ్రూపు పెట్టింది. దానికో పద్ధతి కూడా పెట్టుకున్నాం. ప్రతి ఆదివారం పొద్దున, బడిలో హాజరు పిలిచిన వరుసలోనే, ఒక్కొక్కరు తమ సంగతులు మాట్లాడి పంపాలి. ముందు "హాజర్ టీచర్" అనాలి. మోకాళ్ల నొప్పులైనా మనవరాలి పెళ్లైనా ఆ తర్వాతే. నాది పదకొండో నంబరు.

గ్రూపు కోసం ఫోన్ నంబరు అడిగినప్పుడు నేను ఇంట్లో ఉన్న ఫోన్ నంబరు ఇచ్చాను. అదే నేను చేసిన తప్పు. మా ఇంట్లో గ్రూపులు వచ్చే ఫోన్ ఒక్కటే, అది మా ఆయన చొక్కా జేబులో ఉంటుంది. ఆదివారం ఆయన ముందుగదిలో కుర్చీ వేసుకొని, సౌండు పెంచి మావాళ్ల కబుర్లన్నీ తీరిగ్గా వింటాడు. నేను వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తూ చెవి అటు పెట్టాలి. "మీ దోస్తుకు కంటి ఆపరేషన్ అయిందట" అని అన్నం తినేటప్పుడు నా స్నేహితురాలి సంగతి నాకే చెబుతాడు. నా వంతు వచ్చినప్పుడు ఫోన్ నా నోటి దగ్గర పట్టుకునేదీ ఆయనే. "హాజర్ టీచర్, అందరం మంచిగున్నం" అంటాను. ఆయన పక్కన నిలబడి తలూపుతుంటే ఇంకేం చెప్పను?

చెడ్డవాడు అనను. ఏనాడూ చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. నేను గడప దాటబోతే "యాడికి?" అంటాడు, అంతే. నలభై ఏళ్లుగా ఆ ఒక్క మాటకే నా కాళ్లు ఆగిపోతున్నాయి. హాలియాలో మా ఇల్లు మంచి ఇల్లే, గాలీ వెలుతురూ బాగానే వస్తాయి. నాకే అందులో ఊపిరాడదు. బడిలో నేను క్లాసు లీడర్‌ని. హాస్టల్‌లో పురుగుల అన్నం పెడితే కంచం పట్టుకెళ్లి వార్డెన్ బల్ల మీద పెట్టి వచ్చినదాన్ని. మావాళ్లు ఇప్పటికీ ఆ కథే చెప్పుకుంటారు.

పదో నంబరు నా బెంచీదే. అచ్చంపేట దిక్కు, గొర్లు కాసుకునే ఇంటి పిల్ల. నా దస్తూరీ బాగుంటుందని, హాస్టల్ నుంచి వాళ్ల బాపుకు ఉత్తరాలు ఆమె చెబితే నేను రాసేదాన్ని. కిందటేడు ఒక ఆదివారం ఆమె వంతు వచ్చింది. "హాజర్ టీచర్" అంది. తర్వాత చెప్పింది.

"నేను ఇల్లిడిసి వచ్చిన. గీడనే ఒక అర్ర కిరాయికి తీస్కున్న. ఆయన తాగుడు, తిట్లు, గీ వయసుల ఇగ నాతోని గాదు. నేను జేసింది తప్పా? జర మీరే చెప్పుండ్రి."

నా చేతిలో కత్తి ఆగిపోయింది. దాచడం ఎందుకు, నాకు సంతోషమైంది. ఈర్ష్య కూడా అయింది. ఆమెకు సొంతంగా ఒక గది ఉంది, దానికి తాళంచెవి ఉంది. నేను చెయ్యి తుడుచుకొని ముందుగదిలోకి వచ్చేసరికి ఫోన్ ఆయన జేబులోకి వెళ్లిపోయింది. తర్వాతి నంబరు నాదే అయినా, ఆ వారం ఫోన్ నా నోటి దాకా రానే లేదు.

బుధవారం ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్ మంచం మీద దొరికింది. తెరిచి చూస్తే నా జవాబు అప్పటికే వెళ్లి ఉంది. మాట్లాడింది కాదు, రాసింది. "ఈ వయసులో ఇల్లు విడిచి రావడం మంచిది కాదు. పిల్లల పరువు గురించి ఆలోచించు. వెంటనే తిరిగి వెళ్లు." కింద మావాళ్లందరూ దండాల బొమ్మలు పెట్టారు. లీడర్ సరిగ్గా చెప్పిందని ఒకామె రాసింది. నా బెంచీ ఆమె మాత్రం "సరే" అన్నది, అంతే.

"ఇది నేను రాసింది కాదు" అని ఫోన్‌లో అక్షరాలు కొట్టాను. కానీ పంపితే, మరి ఎవరు రాశారని అడుగుతారు. ఇరవై ఒక్క మంది ముందు ఏం చెప్పాలి? నా ఫోన్ నా చేతిలో ఉండదనా? వార్డెన్ బల్ల మీద కంచం పెట్టిన నేనా? స్నానాలగది గడియ చప్పుడైంది. అక్షరాలన్నీ తుడిపేసి ఫోన్ మంచం మీద పెట్టేశాను.

ఆ మధ్యాహ్నం ఆయన్ను అడిగాను. "నా పేరు మీద మీరెట్ల రాస్తరు?"

"తప్పేమున్నది? మంచి మాటనే గదా రాసిన" అన్నాడు. నిజంగానే అలా అనుకున్నాడు. పెరుగు వెయ్యమని కంచం ముందుకు జరిపాడు.

నెల తర్వాత ఆమె రెండు బస్సులు మారి మా ఇంటికి వచ్చింది. మనిషి సగమైంది. మా ఆయన ఎదురుగా కూర్చొని వర్షాల గురించీ, కాలువ నీళ్ల గురించీ మాట్లాడుతూనే ఉన్నాడు. నేను చాయ్ పెడతానని లేస్తే ఆమె కూడా నా వెనక వంటింట్లోకి వచ్చింది. ఇద్దరమే ఉన్నాం. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఏముంటుంది? నోరు తెరిచాను కూడా.

"వాపసు పోయిన" అంది ఆమె. "నీ మాట సదువుకున్న దినమే అర్ర ఖాళీ జేసిన."

నేను పొయ్యి వైపు తిరిగాను. ఇప్పుడు నిజం చెబితే, పరాయి మగవాడి మాట విని నరకంలోకి తిరిగి వెళ్లావని చెప్పడమే.

"ఒక్కటి అడుగుత, కోపం జెయ్యకు. నువ్వు దిల్‌ల ఉన్న మాటనే రాసినవా?"

"ఆ" అన్నాను.

"గంతే చాలు. నిన్ను గాక ఇంకెవల మాట ఇంటుంటి నేను?"

ముందుగదిలోంచి "చాయ్ ఏమాయె?" అని ఆయన మాట వినిపించింది. నేను కదలకముందే ఆమె గ్లాసు అందుకుని వెళ్లింది.

"ఇంటికాడ అంత మంచిగనేనా, చెల్లె?" అని ఆయన ఎంతో ఆప్యాయంగా అడగడం వినబడింది.

"మంచిగనే, అన్నా" అంది ఆమె.