పత్తి చేను మీదుగా లీనాబాయి ఇంటికి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, వానాకాలం మొదట్లో, నన్ను జమ్మికుంట నుంచి ఇచ్చోడ సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా బదిలీ చేశారు. ఉద్యోగంలో అదే నా చివరి పోస్టింగు. విద్యుత్ శాఖలో సెక్షన్ అంటే కింది మెట్టు. పైన ఏడీఈ, ఆపైన డీఈ ఉంటారు. కింద లైన్ ఇన్‌స్పెక్టరు, లైన్‌మెన్ ఉంటారు. పైవాళ్లు సంజాయిషీ మమ్మల్నే అడుగుతారు, జనం కూడా మమ్మల్నే తిడతారు. ఈ రెండూ నాకు అప్పటికే అలవాటైపోయాయి కాబట్టి సుల్తానాబాద్‌లోని సొంత ఇంటికి తాళం వేసి, భార్యతో సహా నిశ్చింతగానే వెళ్లాను.

చేరిన కొత్తలోనే ఒక రోజు ఆఫీసు గుమ్మంలో నెరిసిన జుట్టు, నీలికళ్ల పొడుగాటి మనిషి ఒకామె కనిపించింది. నేను ఇంగ్లీషులో మాట కూడబలుక్కునేలోపే ఆమె, "సారూ, జర నా సంగతి సూడుండ్రి, కరెంటు లేక మస్తు పరేషాన్ అయితున్న" అంది. మా లైన్‌మన్ పోచన్న చేతిలోని టీ కొంచెం ఒలికింది. ఆమె పేరు లీనా, దేశం డెన్మార్క్. కొలాం ఆదివాసుల భాషలోని మాటలు పోగేసి నిఘంటువు తయారు చేయడానికి ఇచ్చోడ పక్కన ఒక కొలాం గూడెంలో ఉంటోంది. అక్కడివాళ్లు ఆమెను లీనాబాయి అంటారు.

ఆమె గూడెం మనిషి జంగు ఇంట్లో అద్దెకు ఉండేది. ఆ ఇల్లు గూడేనికి కాస్త ఎడంగా, పత్తి చేనుకు అవతల ఉంది. గూడేనికి కరెంటు ఉంది గానీ ఆ ఇంటికి లేదు. దీపానికి సోలార్ లాంతరు చాలు, ఫ్యాను లేకపోయినా ఓర్చుకుంటానంది. ఆమెకు కావలసింది ఫ్రిజ్. ఆమెకు షుగరు. రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవాలి. ఆ మందు చల్లగా ఉండాలి. అప్పటిదాకా ఇచ్చోడలో మెడికల్ షాపు నడిపే గఫార్ భాయ్ తన షాపు ఫ్రిజ్‌లో మందు దాచిపెట్టేవాడు. ఆమె ఐస్ పెట్టిన చిన్న డబ్బా పట్టుకుని వచ్చి, కావలసినంత తీసుకెళ్లేది. దీపావళి తర్వాత గఫార్ భాయ్ భార్యతో మక్కాకు ఉమ్రా యాత్రకు బయల్దేరుతున్నాడు. షాపు మూసేస్తాడు. ఈలోగా కరెంటు రాకపోతే సగం రాసిన నిఘంటువు వదిలి ఇంటికి పోవలసిందే. అంతకన్నా వేరే దారి లేదని వాళ్ల దేశం డాక్టరు కూడా చెప్పాడట.

అద్దె ఇంటికి కనెక్షన్ ఇవ్వాలంటే ఇంటి యజమాని ఒప్పుకోలు కావాలి. అందుకు జంగును పిలిపించాను. అతను వచ్చి సంతకం చేసి, అమాయకంగా నాతోనే ఫిర్యాదు చేశాడు. "మేం గా తీగకు కొండి ఏసిస్తమంటే బాయి అద్దంటంది సారు. మీరన్న జర చెప్పుండ్రి." కొండి అంటే మీటరు లేకుండా లైనుకు తగిలించే దొంగ కొక్కెం. దాన్ని పట్టుకోవడమే నా ఉద్యోగంలో ఒక భాగం. నేను వినబడనట్టు ఫ్యాను వైపు చూశాను. పోచన్న దగ్గు నటించాడు.

స్థలం చూడటానికి వెళ్లాం. స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే తీగను సర్వీసు వైరు అంటారు. దాని పొడవుకు ఒక హద్దు ఉంది. లీనాబాయి ఇల్లు ఆ హద్దు దాటి ఉంది కాబట్టి లైను పొడిగించాలి. చేను మధ్యగా పోతే రెండు స్తంభాలతో అయిపోతుంది. గట్టు వెంట పోతే వాగు వంపు తిరిగి ఐదు స్తంభాలు పడతాయి. ఐదింటికి ఎస్టిమేట్ వేస్తే అది పై మెట్లన్నీ ఎక్కి దిగేసరికి గఫార్ భాయ్ మక్కాకు పోయి వస్తాడు కూడా. అందుకే రెండింటికే వేశాను. ఏడీఈ గారు త్వరగానే మంజూరు చేశారు. ఆ సంతోషంలో లీనాబాయి ఒక పాత ఫ్రిజ్ కొని ట్రాలీ ఆటోలో గూడేనికి చేర్పించింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, స్తంభమే లేని ఇంట్లో ఫ్రిజ్ వచ్చి కూర్చుంది. జంగు భార్య దాని మీద గంప బోర్లించుకుంది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదు. ఆ చేను భీంరావుది. చేనులో మాట మాత్రం అతని భార్య రుక్మాబాయిది. స్తంభాలు తీసుకుని మేం వెళ్లిన రోజు ఆమె గట్టు మీద నిలబడి, "సీతాదేవిని పెట్టుకోలే. గా పని కానిది మా చేన్ల గడ్డపార దిగద్దు" అంది.

సీతాదేవిని పెట్టుకోవడం ఆ వైపు పత్తి రైతులకు ఆనవాయితీ. మొదటి పత్తి ఏరే ముందు ఇంటి ఆడవాళ్లు చేనులో అయిదు రాళ్లు పెట్టి, పసుపు కుంకుమలు అద్ది, పెరుగన్నం నైవేద్యం పెడతారు. కొత్త పత్తి పోగు తీసి చెట్టుకూ చెట్టుకూ కడతారు. ఆ తర్వాతే ఏరడం. చేనంతా కాయ పగిలాకే ఆ పూజ చేయడం రుక్మాబాయి ఇంటి పద్ధతి. అప్పటికి గట్టు వైపు రెండు సాళ్లలో మాత్రమే పత్తి తెల్లబడింది. మిగతాది కాయ మీదే ఉంది. ఆమె చెప్పిన లెక్కన దీపావళి, దాంతో గఫార్ భాయ్ ప్రయాణం కూడా దాటిపోతాయి.

నేను నాకు తెలిసిన పద్ధతిలో మాట్లాడాను. లైను వేయడానికి శాఖకు చట్టం ఇచ్చిన అధికారం గురించి వివరించాను. ఆమె ఓపికగా విని, "మీ చట్టం పత్తి ఏరుతదా సారు?" అని అడిగింది. పోచన్న తన వంతుగా, "జర కనికరించవ్వా, దొరసాని ఇంటికి కరెంటు" అన్నాడు. "గామెకు ఫ్యాను గాలి కావాలెనని నా చెట్లు ఇరగ్గొట్టుకోవాల్నా?" అందామె. నిజానికి ఆ మాటలో అన్యాయమేమీ లేదు. స్తంభం మోసుకుంటూ మనుషులు నడిస్తే ఒక సాలు పత్తి పోయినట్టే.

అప్పుడే లీనాబాయి ఇచ్చోడ నుంచి గట్టు మీదుగా వచ్చింది. చేతిలో ఆ డబ్బా ఉంది. రుక్మాబాయి దాన్ని చూసి, "రోజు గా డబ్బల ఏం తెస్తవ్ బాయీ? ఐస్‌క్రీమా?" అంది. లీనాబాయి నవ్వి మూత తీసి చూపించింది. లోపల ఐసు ముక్కల మధ్య మందు సీసా, పక్కన సూది. తనకు షుగరని, ఫ్రిజ్ లేకపోతే తను తన దేశానికి తిరిగి పోవలసిందేనని గూడెం తెలుగులోనే చెప్పింది.

రుక్మాబాయి సీసాను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. తర్వాత చేను అవతల ఉన్న భర్తను కేకేసింది. "ఇగో, గీ సూది నువ్వు ఏసుకునేదే గదా?" భీంరావు వచ్చి చూసి, అదేనన్నాడు. అతను తన సీసాను తడి ఇసుక నింపిన కుండలో పెట్టుకుంటాడట. ఎండాకాలం ఆ మందు చెడి పనిచేయక ఒకసారి కళ్లు తిరిగి చేనులోనే పడిపోయాడట. ఆ రోజు అతన్ని ఎత్తుకొచ్చింది రుక్మాబాయే. ఆమె నా వైపు తిరిగి, "గీ ముక్క ముందుగాల చెప్పరాదా సారు? గంటసేపు చట్టం చెప్పిండ్రు" అంది.

ఒకరి జబ్బు సంగతి పక్కవాళ్లకు చెప్పడం మర్యాద కాదని నేను అనుకున్నాను. ఆ మాటే ఆమెతో అన్నాను. "జబ్బు దాసుకుంటే తగ్గుతదా?" అని కొట్టిపారేసింది.

మర్నాడు పొద్దున్నే ఆమె గట్టు వైపు పగిలిన ఆ రెండు సాళ్లలోనే రాళ్లు పెట్టుకుంది. చేనంతా పగలకుండా సీతాదేవిని పెట్టుకోవడం తమ ఇంట్లో అదే మొదటిసారని అత్త సణిగిందట. మొదటి పత్తి లీనాబాయి ఒడిలో వేసి, పెరుగన్నం మాకు కూడా పెట్టింది. తరువాత చెట్లు విరగకుండా మనుషులు ఏ సందులోంచి నడవాలో తనే ముందు నడిచి చూపించింది. పోచన్న సబ్‌స్టేషన్ ఆపరేటరు దగ్గర ఎల్‌సీ తీసుకున్నాడు. ఎల్‌సీ అంటే లైను ఆపేశాం, ఇక స్తంభం ఎక్కవచ్చు అనే హామీ. అది లేకుండా ఎక్కడం ప్రాణంతో ఆట. గఫార్ భాయ్ ప్రయాణానికి ముందు రోజు లైను ఛార్జ్ చేసి కరెంటు వదిలాం. ఫ్రిజ్ గుర్రుమని మొదలవగానే జంగు భార్య గంప తీసుకుని రెండడుగులు వెనక్కి వేసింది. నాకు చాలా ఆనందమైంది. ఉద్యోగంలో ఎన్నో లైన్లు ఛార్జ్ చేశాను గానీ ఒక ఫ్రిజ్ చప్పుడు నిలబడి విన్నది అప్పుడే.

ఎండాకాలంలో లోడు తనిఖీకి ఆ ఇంటికి వెళ్లాను. ఇంట్లో ఏమేం వాడుతున్నారో చూసి, దరఖాస్తులో చెప్పినదానితో సరిచూడటం ఈ తనిఖీ. లీనాబాయి ఫ్రిజ్ తలుపు తీసింది. తలుపు అరలో ఆమె మందు పక్కనే భీంరావు సీసా ఉంది. ఇంకా కొన్ని సీసాలు, వాటికి రంగు దారాలు కట్టి ఉన్నాయి. ఎర్ర దారం ఎవరిదో, పచ్చ దారం ఎవరిదో గూడేనికంతా తెలుసు. కూరగాయలకు మాత్రం చోటు లేదు.

పోచన్నకు అనుమానం వచ్చింది. "సారు, ఇంతమంది మందులున్నయి. గిది ఇంటి కనెక్షనా, దవాఖాన కనెక్షనా?" నేను గృహ వినియోగమనే రాశాను. ఒకరి ఇంట్లో అందరి మందులు ఉండకూడదని మా నిబంధనల్లో ఎక్కడా లేదు.

స్తంభాలెన్ని, వైరెంత, ఎర్తింగు ఎక్కడ అన్నీ ఎస్టిమేట్‌లో రాస్తాం. ఆ కరెంటు ఎందుకో రాసే గడి అందులో లేదు. దారి ఇవ్వవలసిన మనిషికి మాత్రం ముందు కావలసింది ఆ సంగతే. మిగిలిన సర్వీసులో, వినియోగదారు ఒప్పుకుంటే, కొలత టేపు తీయక ముందే చేను యజమానికి అది చెప్పాను. చట్టం ఎత్తవలసిన అవసరం మళ్లీ రాలేదు.